జానీ మియా చెయ్యి, కొమురెల్లి మోకాలు

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే కాలికి ఏమీ కాలేదని కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది గానీ వినే నాథుడు లేడు. ఫోటోలో కనపడేది ఎముక. మోకాలిని పట్టి ఉంచేవి లోపలి నరాలు. డాక్టర్లు లిగమెంట్లంటారు, మా దగ్గర అందరూ నరాలనే అంటారు. అవి తెగితే ఫోటోకు తెలియదు, చేతికి తెలుస్తుంది. అదీ ఏ చేతికి పడితే ఆ చేతికి కాదు. వరంగల్లులో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసినన్నాళ్ళూ అలాంటి చెయ్యి నేను ఒక్కటే చూశాను. అది జానీ మియాది.

ఆయన డాక్టరేం కాదు. మా ఎముకల వార్డులో సిమెంటు పట్టీలు వేసే మనిషి. నాలుగో తరగతితో చదువు ఆపేశాడు. పొట్టిగా, మెడ ఉందో లేదో అన్నట్టుగా ఉండేవాడు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేవాడు. కుస్తీలు పట్టినవాళ్ళకు ఉన్నట్టే చెవులు రెండూ నలిగి ముద్దలై ఉండేవి. ఆయన నన్ను సిస్టరమ్మా అనేవాడు. నేను జానీ భాయ్ అనేదాన్ని, కోపమొస్తే జానీ మియా అనేదాన్ని. రోజుకు నాలుగుసార్లయినా జానీ మియా అనేదాన్ని.

ఆయన కాలు పోయిన సంగతి ముందు చెప్పాలి. ఇరవై రెండేళ్ళప్పుడు తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, పేరున్న పహిల్వాన్. ఒక కుస్తీలో అవతలివాడు ఈయన్ని వెల్లకిలా పడేసి, మడిచిన మోకాలి మీద తన బరువంతా వేసి కూర్చున్నాడు. "టప్పుమన్నది సిస్టరమ్మా. చుట్టూ ఉన్న జనానికి గూడ ఇనపడ్డది. చప్పట్లు కొట్టిన్రు," అని చెప్పేవాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. సాయంత్రం ఉస్తాద్ పిలిచి కాలు పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తాలీంలో ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాద్ చెయ్యి పడ్డప్పుడు మూలగకూడదు. మూలిగినవాణ్ని మర్నాటి నుంచి మట్టిలోకి దిగనివ్వరు, నీళ్ళు మోయడానికి పెడతారు. "నొస్తాందా బేటా" అని ఉస్తాద్ అడిగితే ఈయన "నై ఉస్తాద్" అన్నాడు. ఉస్తాద్ నమ్మాడు.

ఎనిమిదో రోజున మళ్ళీ కుస్తీ పెట్టారు. అవతలివాడికి ఈ కాలి సంగతి ఎవరో చేరవేశారు. వాడు ఇంకెక్కడా చెయ్యి వేయలేదు, నేరుగా వచ్చి అదే కాలు పట్టి మెలితిప్పాడు. తొడ ఒకవైపు, పిక్క ఒకవైపు తిరిగిపోయాయి. జానీ మియా నాలుక కొరుక్కుంటే సగం దాకా తెగింది. మూడు కుట్లు పడ్డాయి. "అప్పుడు గూడ మూలగలే సిస్టరమ్మా" అని ఇన్నేళ్ళ తర్వాతా గొప్పగా చెప్పుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఏం ఘనకార్యం జేసినవ్ జానీ మియా, మూలిగి ఉంటే కాలన్న దక్కేది" అని కసిరేదాన్ని. ఆయన నవ్వేవాడు.

కానీ ఆ దెబ్బతో ఆయనకు ఒక తెలివి వచ్చింది. మోకాలు చూసేటప్పుడు మనిషి నోటిని నమ్మేవాడు కాదు, ముఖం చూసేవాడు కాదు. ముందు మంచి కాలు చూసేవాడు. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉంటాయి, అందుకని మంచి కాలు ఎలా ఉందో తెలియకుండా చెడ్డ కాలి సంగతి చెప్పలేమనేవాడు. తర్వాత దెబ్బ తగిలిన కాలిని మడిచి, పాదం మంచం మీద ఆనించి, దాని మీద కదలకుండా కూర్చుని కబుర్లలో పెట్టేవాడు. బర్రె ఎన్ని పాలిస్తుంది, మీ ఊళ్ళో వాన పడ్డదా, కొత్త సినిమా చూశావా. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. వేళ్ళు మాత్రం తొడ వెనక ఉండేవి. అక్కడి కండ వదులైన క్షణంలో పిక్కను ముందుకు ఒక్క లాగు లాగేవాడు. తర్వాత మెల్లగా తిప్పి చూసేవాడు. "నోరు అబద్ధమాడితే పట్టుకోవచ్చు. తొడ బిగవట్టి అబద్ధమాడితే పట్టుకునుడు కష్టం. అది అలిసిపోయేదాకా ఆగాలె" అనేవాడు.

డెబ్బై ఆరులో మాకు భాస్కర్ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, చదువు మీద నమ్మకం, మనుషుల మీద అపనమ్మకం. వచ్చిన వారంలోనే ధాన్యం మార్కెట్‌లో హమాలీలు కొట్టుకుని ఒకణ్ని తీసుకొచ్చారు. కింద పడ్డవాణ్ని బస్తాల కొక్కేలతో పొడిచి, మోకాలి మీద తొక్కారు. వీపంతా చీలికలు, బట్టలు రక్తంతో అట్టకట్టి కత్తిరించినా ఊడిరావు. వీపు మానాక డాక్టరు మోకాలు చూసి బెణుకన్నాడు. జానీ మియా ముప్పావు గంట కూర్చుని చూసి, "లోపల మెత్తటి చక్రం ఉంటది గద సాబ్, అది చిరిగి ఇరుక్కున్నది" అన్నాడు. డాక్టరుకు రోషమొచ్చింది. నెల తర్వాత కాలు ఇరుక్కుపోయి ఇక చాపలేకపోతే మోకాలు తెరిచాడు. జానీ మియా చెప్పినట్టే ఉంది.

భాస్కర్ డాక్టరులో నాకు నచ్చింది ఏమిటంటే, ఆ రోజు నుంచి ఒక నల్ల అట్ట పుస్తకం పెట్టాడు. ఎడమ పేజీలో ఆపరేషన్‌కు ముందు తను ఏమన్నదీ, జానీ మియా ఏమన్నదీ. కుడి పేజీలో తెరిచి చూస్తే ఏమున్నదీ. మూడేళ్ళలో నలభై ఒక్క మోకాళ్ళు తెరిచాడు. జానీ మియా చెప్పింది ముప్పై ఐదింటిలో నిజమైంది. డాక్టరుది ఇరవై ఆరింటిలో. జానీ మియా తప్పిన ఆరింటిలో ఐదు, దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజుల్లో చూసినవి. నొప్పికీ భయానికీ తొడ బిగుసుకుపోయి ఉంటుంది, తెగిన నరం పని ఆ కండే చేసి పెడుతుంది, మోకాలు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. డాక్టరు ఆ ఐదింటి పక్కనా ఎర్ర సిరాతో "భయం" అని రాసుకున్నాడు.

ఇక కొమురెల్లి దగ్గరికి వస్తాను.

డెబ్బై తొమ్మిది, వానాకాలం పోతున్న రోజులు. రఘునాథపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరు, పేరు అక్కర్లేదు. ఆ ఊరి దొర గుమాస్తాను పట్టపగలు కాలువ గట్టు మీద గొడ్డలితో నరికారు. మెడ మీద మూడు దెబ్బలు, తల ఒక్క తోలుతో వేలాడిందట. దొర మనుషులు ముగ్గురు, నరికింది కొమురెల్లి అనే కూలీ అనీ, తాము వెంటపడితే చేన్లకడ్డం పడి కోసెడు దూరం, అంటే రెండు మైళ్ళు, ఉరికి, తోట గోడ దూకి తప్పించుకున్నాడనీ చెప్పారు. సాయంత్రానికి పోలీసులు కొమురెల్లిని అతని ఇంట్లోనే పట్టుకున్నారు. అన్నం తింటున్నాడట.

కొమురెల్లి భార్య సోమక్క మేజిస్ట్రేటు ముందుకు పోయి నిలబడింది. "మా ఆయన ఉరుకలేడు సారూ. నడుసుడే కుంటుకుంట నడుస్తాండు. రెండు నెలల కింద ఈ ముగ్గురే కాలు ఇరగ్గొట్టిన్రు" అని చెప్పింది. అది నిజం. నాట్లప్పుడు కూలి పెంచమని అడిగినందుకు కొమురెల్లిని పొలంలోనే కొట్టారు. కుడికాలు పిక్క దాకా బురదలో దిగబడి ఉంది, కదలడానికి లేదు. పక్క నుంచి మోకాలి మీద రోకలితో కొట్టారు. పాదం బురదలో ఉండిపోయింది, ఒళ్ళు పక్కకు తిరిగింది. ఆకు పసరు కట్టుకుని ఇరవై రోజులు పడుకున్నాడు. దవాఖానకు పోతే ఊళ్ళో ఉండనివ్వమని దొర మనుషులు బెదిరించారు. కాలు పరీక్ష చేసి రిపోర్టు ఇమ్మని మేజిస్ట్రేటు మా దవాఖానకు రాశాడు. ఆ మనిషి ఉరికొయ్య ఎక్కుతాడా, ఇంటికి పోతాడా అన్నది ఆ ఒక్క మోకాలి మీద ఆగింది.

సోమవారం తీసుకొచ్చారు. ఆ పొద్దునే పరకాల రోడ్డు మీద బస్సు బోల్తా పడింది. వరండా అంతా మనుషులే, నేలంతా రక్తం, కాలు పెడితే జారుతోంది. ఒకడి తొడ ఎముక ప్యాంటు చించుకుని బయటికొచ్చింది. ఒక ముసలామె తన చెయ్యి ఎక్కడ పోయిందని నన్నే అడుగుతోంది. ఆ గోలలో కొమురెల్లిని మూల మంచం మీద పడుకోబెట్టి, ఎడమ కాలిని బేడీతో మంచానికి కట్టి, పైన దుప్పటి కప్పారు. పక్కనే హెడ్ కానిస్టేబుల్ వెంకట్రాజం లాఠీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎక్స్‌రే వచ్చింది, ఎముక శుభ్రంగా ఉంది. భాస్కర్ డాక్టరు బస్సు వాళ్ళ మధ్య నుంచే, "జానీ, ఆ మోకాలు చూసి చెప్పు" అన్నాడు. జానీ మియా పోయి దుప్పటి మీద చెయ్యి వేశాడు.

"ముందుగాల ఎడమ కాలు చూస్త."

"కాయితంల కుడికాలని రాసున్నది. ఎడమ కాలుతోని నీకేం పనే సాయబూ?" అన్నాడు వెంకట్రాజం. దుప్పటి మీద లాఠీ అడ్డం పెట్టాడు.

మామూలుగా అయితే జానీ మియా అక్కడే కూర్చుండిపోయేవాడు. ఆ రోజు కూర్చోలేదు. ఎందుకంటే వరండా ఈ చివర నుంచి, "జానీ మియా, జల్ది రా, ఈడ మనుషులు సస్తాంటే ఆడ ముచ్చట్లేంది" అని అరిచిన మనిషి ఒకతె ఉంది. ఆ మనిషిని నేనే. నా నోరు పడిపోను.

ఆయన దుప్పటి తీయకుండానే కుడికాలు మడిచి ఒక్కసారి లాగాడు. తొడ కర్రలా బిగుసుకుని ఉంది. మోకాలు కదలలేదు. ఏనాడూ అడగని మాట ఆ రోజు అడిగాడు. "నొస్తాందా తమ్మీ?" కొమురెల్లి హెడ్ కానిస్టేబుల్ వైపు చూసి, "లేదు" అన్నాడు. జానీ మియా లేచి వచ్చి "లోపలి నరం మంచిగనే ఉన్నది సాబ్" అని డాక్టరుకు చెప్పాడు. ఆ చేతిని నమ్మి నమ్మి అలవాటైన డాక్టరు, మోకాలు బాగుందని రాసి సంతకం పెట్టాడు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు.

గురువారం పొద్దున పదకొండు గంటలకు మళ్ళీ తెచ్చారు. ఈసారి కుడి ముంజేయి రెండు ఎముకలూ విరిగి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పై పళ్ళు రెండు లేవు. ఎడమ కన్ను మూసుకుపోయింది. వెంకట్రాజం ముఖం ఎటో పెట్టుకుని, "బాత్రూంల జారిపడ్డడు" అన్నాడు. లాకప్‌లో బాత్రూం ఎక్కడిదని అడిగాను. మోకాలు బాగుందన్న మా కాగితం చేతికొచ్చాక, నేరం ఒప్పుకొమ్మని కొట్టారని తెలుస్తూనే ఉంది. బేడీ తీయించి, థియేటర్లోకి పోలీసులు రావడానికి వీల్లేదని వాడి ముఖం మీదే తలుపు వేశాను.

మత్తిచ్చాం. డాక్టరు చెయ్యి సరిచేసే పనిలో ఉన్నాడు. పట్టీ వేయడానికి గుడ్డలు నానబెట్టి నిలబడ్డ జానీ మియా, కాళ్ళ మీది దుప్పటి తీశాడు. అప్పుడు చూశాం. అరికాళ్ళు రెండూ నల్లగా కమిలి, పగిలి, పుండ్లు పడి ఉన్నాయి. సోమవారం దుప్పటి కప్పింది అందుకే. నా చేతిలో గిన్నె కింద పడింది.

జానీ మియా గుడ్డలు పక్కన పెట్టాడు. ఎడమ కాలు మడిచి లాగాడు, గట్టిగా ఉంది. కుడికాలు మడిచి లాగాడు. పిక్క ఎముక సొరుగు లాగినట్టు ముందుకు వచ్చేసింది. మళ్ళీ నెట్టాడు, మళ్ళీ లాగాడు. మళ్ళీ వచ్చింది. ఆయన రెండు చేతులూ ఆ కాలి మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

"సాబ్, సోమవారం నేను తప్పు చెప్పిన. నరం తెగున్నది. తొడ చూడుండ్రి."

భాస్కర్ డాక్టరు చేతి పని ముగించి వచ్చి తనూ లాగి చూశాడు. తర్వాత టేపు అడిగాడు. మోకాలి చిప్ప పైన జానెడు ఎత్తులో కొలిస్తే కుడి తొడ ఎడమ తొడ కంటే రెండంగుళాలు సన్నగా ఉంది. వాడకం లేని కండ కరిగిపోతుంది. మూడు రోజుల్లో కరగదు, వారాలు పడుతుంది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న పిల్లలకైనా తెలుస్తుంది. సోమవారం పక్కపక్కన పెట్టి చూడలేదు.

డాక్టరు రెండో రిపోర్టు రాశాడు. మొదటిది తప్పని అందులోనే రాశాడు. ఆ సంతకం పెట్టడానికి దమ్ము కావాలి. మెలకువ వచ్చాక జానీ మియా కొమురెల్లిని, "సోమవారం నొస్తలేదని ఎందుకన్నవ్ తమ్మీ" అని అడిగాడు. "నొస్తాందంటే రెండో మోకాలు గూడ పలగ్గొడ్తమన్నరే అన్నా" అన్నాడు కొమురెల్లి.

పది రోజులకు జానీ మియా సైకిలు మీద మండిబజార్‌లో ఇంటికి పోతుంటే, ఇంకా ఎండ ఉండగానే నలుగురు ఆపారు. కోర్టుకు పోయి రెండో మాట చెప్పొద్దన్నారు. చెప్తానన్నాడు. కుస్తీ పట్టిన మనిషి కదా, ఒకణ్ని ఎత్తి మోరీలో పడేశాడు, ఇంకొకడి ముక్కు పగలగొట్టాడు. మిగతా ఇద్దరూ వెనక నుంచి చెడ్డ కాలి మీద తన్ని కూలేశారు. ఎడమ చెయ్యి కల్వర్టు రాయి మీద పెట్టి, ఇంకో రాయితో మూడు వేళ్ళు నలగ్గొట్టారు. దుకాణాల వాళ్ళంతా చూశారు. ఒక్కడు లేవలేదు. ఆయన ఆ చెయ్యి రుమాలులో చుట్టుకుని, ఒంటి చేత్తో సైకిలు తోసుకుంటూ మళ్ళీ దవాఖానకే వచ్చాడు. "సిమెంటు నానబెట్టు సిస్టరమ్మా" అన్నాడు. నేను ఏడుస్తూనే తిట్టాను, తిడుతూనే వేళ్ళు సరిచేశాను. ఒక్కసారి మూలగలేదు. ఆయన భార్య గౌసియా బేగం పరిగెత్తుకొచ్చి, "కోర్టుల గవాహీ చెప్పకుండ్రి, మీ కాళ్ళు మొక్కుత" అని అక్కడే కూలబడింది. "నా ఒక్క మాటకు ఆ పిలగాని చెయ్యి ఇరిగింది. ఇగ పానం గూడ పొమ్మంటవా" అన్నాడాయన.

కేసు మరుసటి ఏడాది మార్చిలో విచారణకు వచ్చింది. థియేటర్ రిజిస్టర్ పట్టుకుని నేనూ సాక్ష్యానికి పోయాను. కోర్టు హాలు కిక్కిరిసింది. ముందు బెంచీల మీద తెల్ల బట్టలేసుకుని దొర మనుషులే కూర్చున్నారు. డాక్టరు ముందు చెప్పాడు, తర్వాత జానీ మియాను పిలిచారు. సర్కారు వకీలు లేచి, "నువ్వు డాక్టరువు కాదు. నీ చెయ్యి తప్పు చెప్పిన సందర్భాలున్నాయా" అని అడిగాడు.

"ఉన్నయి సాబ్. నలభై ఒకటిల ఆరు. ఈయనది ఏడోది."

హాలులో నవ్వారు. వకీలూ నవ్వాడు. "సోమవారం బాగున్న నరం గురువారానికి తెగింది. అంటే నేరం జరిగిన తర్వాత తెగింది, అంతేనా?"

"మధ్యల మూడు దినాలు ఆయన పోలీసుల కాడనే ఉన్నడు సాబ్. అట్లయితే ఎవరు తెంపిన్రో మీరే చెప్పాలె."

నవ్వు ఆగిపోయింది. వకీలు కాగితాలు సర్దుకోసాగాడు. జానీ మియా అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు.

"కానీ నేను అబద్ధం చెప్ప. ఠాణాల ఇరిగింది చెయ్యి. మోకాలు పాతది. సోమవారం నేను మంచి కాలు చూడలే, తొడ ఒదులయ్యేదాక ఆగలే. అది నా తప్పు. మత్తుల తొడ అబద్ధమాడది. ఆ కాలు నడిస్తెనే జారుతది సాబ్. కోసెడు గాదు, ఈ హాలు ఆ మూలకు గూడ ఉరుకలేడు. గోడ దూకుడు కానే కాదు. చిన్న పోరగాడు ఎంటపడ్డా పట్టుకుంటడు."

ఏప్రిల్‌లో కొమురెల్లిని వదిలేశారు. సోమక్క కోర్టు మెట్ల మీద జానీ మియా కాళ్ళ మీద పడబోతే ఆయన వెనక్కి దూకాడు, దూకలేని కాలితో. నేను ఆ రోజు వార్డంతా లడ్డూలు పంచాను. నా అరుపు వల్ల విరిగిన చేతికి అదేం ప్రాయశ్చిత్తం అనుకోండి, అయినా పంచాను.

తెగిన నరానికి మా దగ్గర అప్పట్లో ఆపరేషన్ లేదు. కానీ తొడ కండ పెంచితే అదే మోకాలిని కొంత పట్టి ఉంచుతుంది. అందుకని ప్రతి సోమవారం కొమురెల్లి బస్సెక్కి వచ్చేవాడు. జానీ మియా అతణ్ని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, చీలమండకు ఇసుక సంచి కట్టి, కాలు ఎత్తమనేవాడు. నూరుసార్లు. తొంభై దగ్గర కొమురెల్లి తొడ వణికేది, చెమటలు కారేవి, బండబూతులు తిట్టేవాడు. జానీ మియా వాటిని కూడా లెక్కపెట్టేవాడు. మే నెలాఖరుకు కుంటు తగ్గింది. "ఉరుకుడెప్పుడే జానన్నా" అని అడిగేవాడు. "దసరా దాక ఆగు తమ్మీ, నిన్ను నేను ఉరికిస్త గద" అనేవాడు ఈయన. తొడ టేపుతో కొలిచి, అంగుళం తేడానే మిగిలిందని నాకు తెచ్చి చూపించాడు. తన కాలు బాగయినంత సంబరపడ్డాడు.

జూన్ రెండో సోమవారం కొమురెల్లి రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

ఆ తర్వాత జానీ మియా ఆరేళ్ళు పనిచేసి ఎనభై ఆరులో రిటైరయ్యాడు. పట్టీలు వేశాడు, కట్లు విప్పాడు, ఎముకలు పట్టి ఉంచాడు. మోకాలు మాత్రం ఒక్కటి చూడలేదు. భాస్కర్ డాక్టరు బతిమాలినా చూడలేదు. నల్ల అట్ట పుస్తకంలో ఎడమ పేజీ సగం ఖాళీగానే ఉండిపోయింది. ఎందుకో తెలిసినవాళ్ళం ఆయనా, నేనూ, సోమక్కా, ముగ్గురమే. ఆమె వచ్చినప్పుడు పట్టీల గదిలో ఉన్నది మేమే.

ఆ జూన్ నాలుగో సోమవారం ఆమె ఒక్కతే వచ్చింది, చంకలో పిల్లతో. స్టూలు దగ్గరికి పోయి నిలబడింది. మేం అడగకుండానే చెప్పింది.

"దున్నకాలు మొదలైందన్నా. చేన్ల పదిమందిమి ఉన్నం. పగటీలి గొడ్డళ్ళు పట్టుకోని ఎనిమిది మంది ఒచ్చిన్రు. అందరు ఉరికిన్రు. నేను గూడ ఉరికిన, పిల్లనెత్తుకోని. ఎనకకు మర్లి చూస్తె ఆయన ఆడనే నిలబడ్డడు. నాగలి పట్టుకోని నిలబడ్డడు."

నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఆమె విదిలించుకుంది.

"వాళ్ళు ఉరకలే అన్నా. ఒక్కడు గూడ ఉరకలే. నడుసుకుంట ఒచ్చిన్రు. ఒకడు నవ్వుకుంట, ఉరుకుడెందుకురా, వీడు ఈ మూలకెళ్ళి ఆ మూలకు గూడ ఉరుకలేడని సాయబు కోర్టుల చెప్పె గద అన్నడు. నాకు ఇనపడ్డది. ముందుగాల మంచి కాలు నరికిన్రు. తర్వాత చేతులు. నేను కందకంల పడుకోని పిల్ల నోరు మూసిన. గంటసేపు నరికిన్రు."

జానీ మియా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "జైల్ల ఉంటె బతుకుతుండె" అన్నాడు, ఎవరితోనో. అలా అనొద్దని నేను కోప్పడ్డాను. చంపింది వాళ్ళు, నువ్వు కాదు, నువ్వు చెప్పింది నిజం అని అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. ఆయన నా వైపు చూడలేదు.

సోమక్క చూసింది ఆయన్నే. ఆమెకు కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు నిజమే చెప్పినవు సాయబన్నా. నీ పుణ్యాన రెండు నెలలు ఇంట్ల బువ్వ తిన్నడు. కానీ ఆ మాట వాళ్ళందరి ముంగట అంత గట్టిగ ఎందుకు చెప్పినవే?"

ఆయన వంకర తిరిగిన మూడు వేళ్ళు కుడిచేత్తో పట్టుకున్నాడు.

"నేను మెల్లగనే చెప్పిన చెల్లె. జడ్జి సాబ్ ఇనపడ్తలేదు, గట్టిగ చెప్పుమన్నడు."